వెన్ను నుంచి అరికాలికి: పామూరు సీమలో ఒక నాడి చరిత్ర

తెలుగులో 'నరం' అనే మాట చాలాకాలంగా మూడు వేర్వేరు వస్తువులకు పేరుగా చెల్లుతోంది. ముంజేతి మీద నీలంగా పైకి తేలే రక్తనాళం నరమే, మడమ వెనుక తాడులా చేతికి తగిలే కండరపు కొస నరమే, మెదడు ఆజ్ఞను కండరానికీ చర్మపు స్పర్శను మెదడుకూ చేరవేసే సన్నని తంతువుల కట్ట కూడా నరమే. కనుక పశ్చిమ ప్రకాశంలో, పామూరు కనిగిరి పల్లెల్లో, ఎవరైనా కాలి నరాలు గుంజుతున్నాయని అన్నప్పుడు ఆ మాట ఈ మూడింటిలో దేనిని సూచిస్తోందో మాటను బట్టి తేల్చడం కుదరదు. అది తేలకపోతే జబ్బు ఎక్కడ మొదలైందో కూడా తేలదు. ఈ వ్యాసంలో నాడి అన్న మాటను మూడో అర్థానికే, అంటే ఆజ్ఞలనూ స్పర్శనూ మోసే తంతువుల కట్టకే, కేటాయించడం జరిగింది.

ఈ కలగాపులగం తెలుగు వాడుక ఒక్కదాని లోపం కాదు. సుశ్రుత సంహిత సిర, ధమని, స్నాయువు అని విభజన చేసింది గాని, నేటి అర్థంలోని నాడిని వాటి నుంచి విడదీయలేదు. అయినా అరికాలి విషయంలో దాని పరిశీలన నిశితమైనది. దెబ్బ తగిలితే ప్రాణానికో అంగానికో ముప్పు వచ్చే చోట్లను అది మర్మాలు అంది; పాదంలో బొటనవేలికీ పక్క వేలికీ నడుమ క్షిప్రం, అరికాలి నడిమధ్య తలహృదయం, వాటికి చేరువలో కూర్చం, కూర్చశిరస్సు అని పేర్లు పెట్టింది. కూర్చానికి గాయమైతే పాదం వంకర తిరిగి వణుకుతుందని చెప్పింది. అరికాలి లోపల సున్నితమైన ఏర్పాటు ఏదో ఉన్నదని, అది చెడితే పాదం ఆకారమే మారుతుందని గ్రహించిన వారి మాట అది. ఆ ఏర్పాటు ఏమిటో తెలియడానికి శవచ్ఛేదన శాస్త్రం, సూక్ష్మదర్శిని, విద్యుత్ ప్రయోగాలు ఒకదాని వెంట ఒకటి రావలసి వచ్చింది.

పాదాన్ని కదిలించే కండరాలు రెండు తెగలు. పొడవైన కండరాలు పిక్కలోనే ఉండి, తాళ్ల వంటి కొసలను చీలమండ దాటించి వేళ్ల దాకా పంపుతాయి. నడకకు కావలసిన బలం చాలావరకు వీటిదే. పొట్టి కండరాల పుట్టుకా ముగింపూ రెండూ పాదంలోనే. అరికాలి చర్మం కింద నాలుగు పొరలుగా అమరిన ఈ చిన్న కండరాలు వేళ్లను మొదట్లో కిందికి వంచి, కొసల్లో చాపి ఉంచుతాయి, వేళ్లను విడదీస్తాయి, దగ్గరికి చేరుస్తాయి, అన్నిటికీ మించి అడుగు వేసిన క్షణంలో పాదపు వంపు కూలిపోకుండా నిలబెడతాయి. చెప్పులు లేకుండా దుక్కి చాళ్లలో నడిచే రైతు వేళ్లతో మట్టిని పట్టుకుని నిలిచేది వీటి సాయంతోనే.

ఈ చిన్న కండరాలన్నిటికీ ఆజ్ఞ దాదాపు ఒకే దారిన వస్తుంది. వెన్నెముక కింది భాగంలోని త్రికాస్థి, అంటే పిరుదుల నడుమ ఉండే త్రికోణపు ఎముక, దాని రంధ్రాల గుండా వెలువడే మొదటి మూడు నాడీమూలాల నుంచి బయలుదేరిన తంతువులు తుంటి నాడిలో కలిసి తొడ వెనుక భాగాన దిగి, మోకాలి వెనుక టిబియల్ నాడిగా వేరుపడి, పిక్క లోతుల్లోంచి లోపలి చీలమండ వెనుకకు చేరతాయి. అక్కడ ఎముకకూ దానిని కప్పిన గట్టి పొరకూ మధ్య ఒక ఇరుకైన సొరంగం ఉంది. రక్తనాళాలు, కండరపు కొసలు, నాడి ఆ సొరంగంలోనే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగుతాయి. చెరువు తూము దాటిన కాలువ రెండు పిల్లకాలువలుగా చీలినట్టు, ఆ సొరంగం దగ్గరే నాడి రెండుగా చీలుతుంది. బొటనవేలి వైపు శాఖకు కేవలం నాలుగు కండరాలు దక్కుతాయి: బొటనవేలిని పక్కకు లాగేది, దానిని వంచే పొట్టి కండరం, మిగిలిన వేళ్లను వంచే పొట్టి కండరం, సన్నని వానపాముల్లాంటి నాలుగు కండరాలలో మొదటిది. మిగిలినవన్నీ, అంటే ఎముకల నడుమ ఇరుక్కున్నవీ చిటికెన వేలివీ బొటనవేలిని లోపలికి లాగేదీ, చిటికెన వేలి వైపు శాఖకు చెందుతాయి. మొత్తం మీద బయటి శాఖదే పెద్ద వాటా. పాదం పైభాగాన ఉన్న పొట్టి కండరం ఒక్కటే ఈ దారికి చెందదు, దానికి పిక్క ముందు భాగం నుంచి దిగే లోతైన పెరోనియల్ నాడి ఆజ్ఞ ఇస్తుంది. అరికాలి చర్మానికి స్పర్శ ఇచ్చేవి కూడా చాలావరకు ఆ రెండు శాఖలే గనుక, ఈ దారి తెగితే కండరమూ స్పర్శా ఒకేసారి పోతాయి.

ఈ దారికి రెండు విశేషాలున్నాయి. మొదటిది దాని పొడవు. వెన్నుపాము వెన్నెముకంత పొడవు ఉండదు. పెద్దవారిలో అది నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి మూలాలు మాత్రం గుర్రపు తోకలా కిందికి వేలాడుతాయి. కాబట్టి బొటనవేలిని కదిలించే తంతువు వెన్నుపాము కొస నుంచి వేలి వరకు మీటరుకు పైగా ప్రయాణిస్తుంది, ఆ కొస దగ్గరికి మెదడు ఆజ్ఞ చేరడానికి వెన్నుపాము పొడవునా మరో తంతువు దిగాలి. రెండో విశేషం, ఇంత పొడవైన దారిలో ఎక్కడ అడ్డు పడినా ఫలితం కనిపించేది ఆ చివరనే. అయితే అడ్డు ఎక్కడ పడిందన్న దానిని బట్టి ఆ ఫలితపు రూపం మారిపోతుంది. పాదం బలహీనపడిందన్న ఒక్క మాట కింద, చీలమండ దగ్గర నాడి తెగినవాడూ, దాదాపు మీటరు పైన వెన్నుపాము నలిగినవాడూ ఇద్దరూ చేరతారు. వారిని వేరుచేయడం తెలుసుకోవడానికే వైద్యానికి చాలాకాలం పట్టింది.

అడ్డు చీలమండ దగ్గర పడే జబ్బుకు పాత ఉదాహరణ కుష్ఠు. 1873లో నార్వే వైద్యుడు ఆర్మావర్ హాన్సెన్ దాని క్రిమిని గుర్తించాడు. ఆ క్రిమికి చర్మంతో పాటు నాడులంటే ప్రీతి, అందులోనూ శరీరపు పైతట్టున చల్లగా ఉండే చోట్ల నాడులంటే మరీ ప్రీతి. లోపలి చీలమండ వెనుక నాడి అలాంటిదే. అది వాచి చెడితే అరికాలి చిన్న కండరాలు నశిస్తాయి, పిక్కలోని పొడవైన కండరాలకు మాత్రం నాడి అంతకు పైనే అందింది గనుక అవి బలంగానే ఉంటాయి. ఎదురు లేని ఆ లాగుడుకు వేళ్లు పక్షి గోళ్లలా మడతపడతాయి. వేళ్ల కణుపుల కొసలూ అరికాలి ముందు భాగమూ బరువంతా మోస్తాయి, స్పర్శ లేనందున ముల్లు గుచ్చినా నిప్పు తగిలినా తెలియదు, పుండు పడి ఎముక దాకా దిగుతుంది. వేళ్లు రాలిపోవడం కుష్ఠు లక్షణమని జనం శతాబ్దాల తరబడి నమ్మింది నిజానికి నాడి చచ్చిన పాదం మీద పడిన గాయాల పర్యవసానం. తమిళనాడులోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివరి నుంచి పాల్ బ్రాండ్ ఈ సంగతిని నిరూపించి, పడిపోయిన కండరాల పని చేయడానికి బతికి ఉన్న కండరాల కొసలను మళ్లించే శస్త్రచికిత్సలను స్థిరపరిచాడు. మెత్తని రబ్బరు అట్టతో చేసిన ఎం.సి.ఆర్. చెప్పులు దక్షిణ భారత కుష్ఠు కేంద్రాలన్నిటా వాడుకకు వచ్చాయి. తెలుగు దేశంలో అంతకు ముందే, 1915లో నిజామాబాదు సమీపాన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పారు. ఆ తరం మందు చాల్‌మోగ్రా నూనె, అది చర్మాన్ని కొంత తేర్చినా చచ్చిన నాడిని బతికించలేదు.

పామూరు సీమలో అయితే ఈ నాడి కథకు ప్రధాన శత్రువు క్రిమి కాదు. వెలికొండల తూర్పు వాలున, నెల్లూరు కడప జిల్లాల సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఈ ఊరు, పేరులోనే పామును మోస్తోంది. అక్కడి భుజంగేశ్వరుని గుడికి ఆ పేరుతో ముడి ఉందని స్థానికులు చెప్పుకుంటారు. వెన్నులోని నాడీదండానికి తెలుగు ఇచ్చిన పేరు వెన్నుపాము కావడం కేవలం కాకతాళీయం, కాని ఈ ప్రాంతంలో ఆ పామును నలిపింది భూమి అడుగునున్న రాయి. కనిగిరి గ్రానైట్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన, వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన ఒక శిలాభాగం అక్కడ ఉంది. ఫ్లోరైట్ అనే ఫ్లోరిన్ ఖనిజం అందులో ఎక్కువ. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నీరు రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. క్షారగుణం పెరిగి అందులోని కాల్షియం సున్నంగా పేరుకుపోతుంది, కాల్షియం తగ్గిన నీటిలో ఫ్లోరైట్ మరింత కరుగుతుంది. చెరువు నీటి కంటే, లోతు తక్కువైన బావి నీటి కంటే లోతైన బావుల నీటికి ఈ గుణం హెచ్చు. కరువు బాధకు బావిని ఇంకా లోతుకు తవ్వుకోవడమే ఈ ప్రాంతపు ఆచారం, ఆ ఆచారానికి చేతిపంపూ గొట్టపుబావీ తోడైన తరువాత మనిషి తాగే నీటిలోకి రాతి గుణం ఇంకెక్కువ చేరింది. మంచినీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకుంటే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం చెబుతుంది.

ఆ హద్దు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే వచ్చే ఫ్లోరోసిస్ అనే జబ్బును ముందు గమనించింది వైద్యులు కారు. 1930లలో దక్షిణాది రైతులు తమ ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడం చూశారు. ఎద్దుల జాతికి ఒంగోలు పేరే ప్రసిద్ధమైన సీమలో, కాడికి పనికిరాని ఎద్దు అంటే ఇంటికి పడే నష్టం ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు. బహుశా అందుకే మనిషి నడుము బిగుసుకుపోతే వాతమని సరిపెట్టుకున్న చోట, ఎద్దు బిగుసుకుపోయినప్పుడు ఆరా మొదలైంది. అదే కాలంలో ప్రపంచంలోని ఇతర మూలల్లో ఆ గుట్టు వీడుతోంది. అమెరికాలో పళ్లమీది గోధుమ మచ్చలకు నీటిలోని ఫ్లోరైడు కారణమని 1931లో తేలింది. 1932లో డెన్మార్కులో క్రయోలైట్ అనే ఖనిజపు దుమ్ము పీల్చిన కార్మికుల ఎముకలు గట్టిపడినట్టు కనుగొన్నారు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి 1937లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ప్రకటించారు. అదే ఏడు షార్ట్, మద్రాసు వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బార్నార్డ్, మన్నడి నాయర్ కలిసి మద్రాసు ప్రెసిడెన్సీలోని రోగులను వర్ణించారు. కనిగిరి, దర్శి, పొదిలి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి, 1972లో జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. కనుక నేడు ఫ్లోరోసిస్ చరిత్రలో నెల్లూరు అని చదివిన చోట పాఠకుడు మనసులో పశ్చిమ ప్రకాశాన్ని కూడా చేర్చుకోవాలి. షార్ట్ తరువాతి కాలంలో మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగే దశను కనుగొన్నవారిలో ఒకడిగా ప్రసిద్ధుడయ్యాడు. నెల్లూరు పని అతని పేరుతో అంతగా వినిపించకపోవడం విచిత్రమే.

ఎక్స్‌రేలో ఈ రోగుల ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా కనిపిస్తాయి. వెన్నుపూసలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే సంధిబంధకాలు, అంటే బట్ట పట్టీల వంటి మెత్తని కట్లు, సున్నం పట్టి ఎముకగా మారతాయి. పూసల అంచుల నుంచి ముల్లులు పొడుచుకొస్తాయి. వెన్ను మొత్తం కర్రలా బిగుసుకుపోతుంది, రోగి వెనక్కి చూడాలంటే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పుతాడు. ఇంతవరకు ఎముకల జబ్బే. అయితే వెన్నుపాము నడిచే కాలువ గోడలు కూడా ఈ ఎముకే గనుక, లోపలి నుంచి కాలువ ఇరుకై పామును నొక్కుతుంది. మూలాలు బయటికి వచ్చే రంధ్రాలు కూడా మూసుకుపోతాయి. ఈ నాడీ బాధను కూడా భారతదేశంలో మొదట నమోదు చేసింది షార్ట్ బృందమే. 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగులలో, 1960లలో పంజాబులో అమర్‌జిత్ సింగ్, జాలీ వంటివారు తమ రోగులలో దీనిని విస్తారంగా వివరించారు. హైదరాబాదులో నాడీశస్త్ర వైద్యుడు డి. రాజారెడ్డి నొక్కుడు తొలగించే శస్త్రచికిత్స అనుభవాన్ని దశాబ్దాల పాటు నమోదు చేశాడు.

ఇక్కడే అరికాలి చిన్న కండరాలు పరీక్షకు ముఖ్యమైన ఆధారంగా నిలుస్తాయి. ఒత్తిడి ఛాతీ వెనుక పూసల దగ్గర పడితే, మెదడు నుంచి దిగే ఆజ్ఞ సగంలో ఆగుతుంది, కాని వెన్నుపాము కొస దగ్గరి కణాలూ అక్కడి నుంచి అరికాలికి వెళ్లే నాడీ చెక్కుచెదరవు. అదుపు లేని ఆ కణాలు ఒళ్లు చెప్పినట్టు వినవు, కాళ్లు బిగుసుకుంటాయి, మోకాళ్లు ఎగురుతాయి, కండరం మాత్రం అంతగా కరగదు. 1896లో పారిస్ వైద్యుడు జోసెఫ్ బాబిన్‌స్కీ చూపిన గుర్తు ఇక్కడే కనిపిస్తుంది: అరికాలి అంచున మొద్దు కొసతో గీతలా గీస్తే బొటనవేలు కిందికి వంగవలసింది పోయి పైకి లేస్తుంది. ఒత్తిడి నేరుగా నడుము కింది మూలాల మీద పడితే ఈ బిగుతు ఉండదు. కాలు వేలాడుతుంది, అరికాలి కండరాలు కరిగి పాదం ఎముకల మధ్య పల్లాలు పడతాయి. చీలమండ దగ్గర నాడి చెడిన వాడిలో పిక్క బాగానే ఉంటుంది, అరికాలు మొద్దుబారుతుంది, వేళ్లు ముడుచుకుంటాయి. మెడ దగ్గర ఒత్తిడి అయితే అరచేతి చిన్న కండరాలు కరుగుతాయి, కాళ్లు బిగుసుకుంటాయి. రోగి బొటనవేలి కింద చిన్న అట్టముక్క పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోమని చెప్పి, దానిని లాగి చూసే పరీక్ష కుష్ఠు కేంద్రాల నుంచి వచ్చింది. పట్టు నిలవకపోతే చిన్న కండరాల నాడి తగ్గిందని అర్థం. ఎక్స్‌రే లేని చోట ఇంతకు మించిన సరళమైన సాధనం దొరకదు, ఫ్లోరోసిస్ పల్లెల్లో దీనిని వెన్ను పరీక్షకు తోడుగా వాడితే అడ్డు పైన పడిందో కింద పడిందో కొంతవరకు తేలుతుంది.

ఈ గుర్తులను చదివే అలవాటు పల్లెకు చేరేలోపు కాలు పడిపోయిన చోట నూనె మర్దనా కాల్చిన ఇనుముతో పెట్టే వాతలూ చేసిన పని చెప్పుకోదగ్గదే. వాతం అన్న మాట ఒక్కటే కీళ్లనూ కండరాలనూ నాడులనూ కలిపేసింది. మొదట్లో చెప్పిన నరం అన్న మాట చేసిన పనే ఇది. వాత వల్ల స్పర్శ ఇంకా మిగిలిన చోట కొత్త పుండు పడేది, వెన్నులో అడ్డు అలాగే ఉండిపోయేది. పోషణ విషయాన్ని మాత్రం తొందరగానే గుర్తించారు: 1940లో పండిట్ బృందం అదే నీరు తాగినవారిలో కొందరికే ఎముకలు అంతగా చెడటానికి ఆహార లోపాలు కారణమని పరిశీలించింది. ఎండలో కూలిపని చేసేవారు ఎక్కువ నీరు తాగుతారు, తక్కువ పాలు, తక్కువ కాల్షియం తింటారు. అందువల్ల ఈ జబ్బు కూలీల ఎముకలనే ఎక్కువగా పట్టింది.

నీటిని శుభ్రపరిచే మార్గాలకు నల్లగొండ పేరు వచ్చింది, పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే ఆ పద్ధతిని నాగపూరులోని పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ నీరీ 1970లలో రూపొందించింది. పనిచేసే పద్ధతే, కాని పల్లెలో ప్రతిరోజూ లెక్క తప్పకుండా పటిక కలిపే మనిషిని నిలబెట్టడం కష్టమైంది. చివరికి ప్రభుత్వాల చూపు వేరే నీటి మీదికి మళ్లింది: రామతీర్థం జలాశయం నుంచి కనిగిరి ప్రాంతానికి నాగార్జునసాగర్ నీటిని గొట్టాల ద్వారా పంపడం, శ్రీశైలం నీటిలో 43.5 టీఎంసీలను దాదాపు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల ద్వారా తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ పథకం, ఇవన్నీ ఆ వరుసలోనివే. వాటి చరిత్రకు వేరే గ్రంథం కావాలి.

అయితే నీరు మారినంత మాత్రాన పాత నొక్కుడు సడలదు. ఎముకలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మాత్రమే బయటికి పోతుంది, ఎముకగా మారిన సంధిబంధకం మళ్లీ మెత్తబడదు. పంటిమీది మచ్చకు ఎనిమిదో ఏటికి ముందే, ముందు పళ్లు చిగురు లోపల తయారయ్యే రోజుల్లోనే బీజం పడుతుంది, వెన్ను బిగుసుకోవడానికి సాధారణంగా నడివయసు వస్తుంది. ఒకే ఇంట్లో మనవడి పళ్లు తెల్లగా ఉండి, తండ్రి పళ్లకు గోధుమ చారలుండి, తాత బొటనవేలు గీత గీస్తే పైకి లేచేదైతే, ఆ ముగ్గురూ పుట్టిన సంవత్సరాలను బట్టి ఆ ఊరి బావి ఎప్పుడు ఎంత లోతుకు దిగిందో, గొట్టపు నీరు ఎప్పుడు వచ్చిందో దాదాపు లెక్కగట్టవచ్చు.